మందూ, గుండూ, ఓర్పూ

హోసూరు ప్రాంతం నుండి ఒక పెద్దమ్మగారు మాకు ఉత్తరం వ్రాశారు. వారి మనుమడు అమెరికాలో టెక్సాస్ రాష్ట్రంలో ఉద్యోగం చేస్తున్నాడట. అందరు పిల్లలూ కారు కొంటారు, ఇల్లు కొంటారు. ఈ పిల్లవాడు వాటితోపాటు నూట యాభై ఏళ్ళ కిందటి నమూనాలో చేసిన తుపాకి ఒకటి కొన్నాడట. కొని ఊరుకున్నాడా? ప్రతి ఆదివారమూ మందు తూచడం, సీసం కరిగించి గుండ్లు పోయడం, కాల్పుల మైదానానికి పోయి కాల్చడం, ఇంటికి వచ్చి పుస్తకంలో వ్రాసుకోవడం. సంవత్సరంగా ఇదే వరస. "ఇంకా కుదరలేదు అవ్వా" అంటాడట ఫోనులో.

ఆమె అడిగిన ప్రశ్నలు రెండు. "పాత తుపాకికి పాత కొలత ఉండనే ఉంటుంది గదా, అది చూసి పోసుకుంటే పోలేదా? ఏడాది పొడుగునా ఏమిటీ వెతుకులాట?" అన్నది మొదటిది. "ఇందులో ప్రమాదమేమైనా ఉన్నదా?" అన్నది రెండవది. పిల్లలను దూరదేశాలలో ఉంచుకొన్న పెద్దలకు ఇటువంటి సందేహాలు సహజమే. తుపాకుల సంగతి ఈ శీర్షికలో ఎందుకని కొందరు పాఠకులు అనుకోవచ్చును గాని, చివరిదాకా చదివితే ఇది కేవలం తుపాకుల సంగతి కాదని వారే గ్రహిస్తారు.

ముందుగా ఒక మాట. మేము ఇక్కడ 'నల్లమందు' అని వ్రాస్తే మన పెద్దలు అభిని అనుకొనే ప్రమాదమున్నది! అందుచేత తుపాకిమందు అనే అంటాము. సురేకారం, బొగ్గు, గంధకం కలిసిన పాతకాలపు నల్లని పొడి అది. దీపావళినాడు వీధి వీధినా కమ్ముకొనే పొగలో మనకు తెలిసిన ఆ ఘాటు వాసన దీనిదే. ఇందులో సుమారు ముప్పాతిక భాగం సురేకారమే. ఒకప్పుడు మేలైన సురేకారానికి మన బీహారు పెట్టింది పేరు. అమెరికాలో అంతర్యుద్ధం ప్రారంభమైన 1861లో, అక్కడ మందు తయారు చేసే డ్యూపాంట్ కుటుంబానికి చెందిన లామోట్ డ్యూపాంట్ ఓడ ఎక్కి ఇంగ్లండు వెళ్ళాడు. అక్కడ కొన్న సరుకు మన దేశం నుండి వచ్చిన సురేకారమే. కాబట్టి ఈ కథలో మన మట్టి కూడ కొంత ఉన్నది.

ఇక తుపాకి సంగతి. అమెరికా సైన్యం 1873లో ఒక తూటాను స్వీకరించింది. దానికి పేరేమీ లేదు, అంకెలే దాని పేరు: 45–70–405. మొదటి అంకె గుండు మందం, అనగా అంగుళంలో నూటికి 45 వంతులు. రెండవది మందు ఎత్తు, 70 గ్రెయిన్లు. మూడవది గుండు ఎత్తు, 405 గ్రెయిన్లు. గ్రెయిన్ అంటే గింజ అని అర్థం. మన గురిగింజ ఎత్తు వంటిదే, కాని అంతకంటె చిన్నది. ఇంగ్లీషువారి కాలంలో మన దేశంలో స్థిరపరచిన తులం సరిగ్గా 180 గ్రెయిన్లు. ఆ లెక్కన ఆ తూటాలో మందు అర తులానికి తక్కువ, గుండు సరిగ్గా రెండుంబావు తులాలు. ఇత్తడి గుల్లకు అడుగున రంజకపు బిళ్ళ, దానిమీద మందు, మందుమీద గుండు: తూటా అంటే ఇంతే. గుర్రపు రౌతుల పొట్టి తుపాకికి అదే తూటాలో మందు తగ్గించి 55 గ్రెయిన్లు పోసేవారు. అంటే సైన్యం వారి కాలంలోనే 'ఒక తూటాకు ఒకే కొలత' అన్న నియమం లేదన్నమాట.

ఆ రోజులలో షార్ప్స్, రెమింగ్టన్ అనే కంపెనీల తుపాకులు పేరు మోశాయి. 1874 సెప్టెంబరు 26న న్యూయార్కు దగ్గర క్రీడ్‌మూర్ అనే చోట అమెరికావారికీ ఐర్లండువారికీ పందెం జరిగింది. దూరాలు 800, 900, 1000 గజాలు. ఐర్లండువారు మూతినుండి మందు దట్టించే పాత పద్ధతి తుపాకులు తెచ్చారు. అమెరికావారు వెనుకనుండి తూటా పెట్టే కొత్త తుపాకులు తెచ్చారు. 934కు 931, మూడే మూడు పాయింట్ల తేడాతో అమెరికావారు గెలిచారు. ఐర్లండు వీరుడొకడు గురి నడిబొడ్డున కొట్టాడు గాని, అది తన గురిపలక కాదు, పక్కవారిది! ఆ దెబ్బ లెక్కకు రాలేదు.

తరువాత 1886లో ఫ్రాన్సువారు పొగలేని మందు తుపాకిని తెచ్చారు. కొద్ది ఏళ్ళలో అన్ని సైన్యాలూ అదే దారి పట్టాయి. పాత మందు, పాత తూటా మూలపడ్డాయి. అవి మళ్ళీ వేడుకగా ప్రాణం పోసుకొన్నది ఇరవయ్యవ శతాబ్దం రెండవ సగంలో. ఇటలీలోని గార్డోనే అనే కొండలోయ ఊరు తరతరాలుగా తుపాకుల పనికి ప్రసిద్ధి. అక్కడ 1957లో మొదలైన పెడెర్సోలి కంపెనీ పాత నమూనాలను కొత్త ఉక్కుతో చేసి అమ్ముతున్నది. అమెరికాలో మాంటానా రాష్ట్రంలోని బిగ్ టింబర్ అనే చిన్న ఊరిలో కూడ షార్ప్స్ నమూనాలు చేస్తారు. 1990లో 'క్విగ్లీ డౌన్ అండర్' అనే చలనచిత్రం వచ్చాక వీటికి గిరాకి మరింత పెరిగింది. ఈ తుపాకులతో పోటీలున్నవి. ఉక్కు రేకుతో కోసిన కోడి 200 మీటర్ల దూరాన, పంది 300, టర్కీ కోడి 385, పొట్టేలు 500 మీటర్ల దూరాన నిలబెడతారు. దుర్భిణీ అద్దాలు లేకుండా కూడ వాటిని పడగొట్టేవారు ఉన్నారు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాము. పుస్తకంలో 70 గ్రెయిన్లని ఉండగా అది పోసుకుంటే పోలేదా?

మన ఇళ్ళలోని కుంచాన్ని తలచుకోండి. గంజాం నుండి కోలారుకు కాపురానికి వచ్చిన కోడలు, అత్తగారి ఊళ్ళో కుంచంతో తన పుట్టింటి లెక్క ప్రకారం బియ్యం కొలిచి వండితే ఏమవుతుంది? ఒక పూట మిగులుతుంది, ఒక పూట చాలదు. లెక్క తప్పా? కాదు. కొలపాత్ర మారింది, బియ్యం మారింది, నీళ్ళు మారాయి. తుపాకి సంగతీ ఇంతే. పేరు పాతదే, అంకె పాతదే. కాని అంకె చుట్టూ ఉన్నవన్నీ మారాయి.

మొదటిది గుల్ల. ఆనాటి తూటా గుల్లలు పలుచని రేకుతో చేసినవి, లోపల చోటు ఎక్కువ. నేటి ఇత్తడి గుల్లల అడుగు దిట్టంగా, మందంగా ఉంటుంది. బయటి కొలత ఒకటే అయినా లోపల చోటు తక్కువ. పాత 70 గ్రెయిన్లు ఇందులో పట్టవలెనంటే గట్టిగా అదమవలసినదే. అందుకే నేడు చాలామంది 65 గ్రెయిన్ల ప్రాంతంలో మొదలుపెడతారు.

రెండవది మందు. పలుకు ముతకనా, సన్నమా అన్నదానిని బట్టి మందు మండే వేగం మారుతుంది. దానిని 'ఎఫ్' అనే అక్షరంతో గుర్తిస్తారు. ఒక ఎఫ్ ముతక, రెండు ఎఫ్‌లు అంతకంటె సన్నం, మూడైతే మరీ సన్నం. కంపెనీ కంపెనీకి సాంద్రత వేరు. ఒకే కంపెనీలో ఒక విడత సరుకుకూ మరొక విడతకూ కూడ తేడా కనిపించవచ్చును. ఆనాటి మందు కంపెనీలు చాలవరకు లేనే లేవు.

మూడవది గొట్టం. గొట్టం లోపల మరమేకు చుట్లవలె మెలి తిరిగిన గాడులుంటాయి. గుండు వాటిని పట్టుకొని బొంగరంలా తిరుగుతూ బయటికి వస్తుంది. తిరగని గుండు పల్టీలు కొడుతుంది. ఆనాటి సైన్యపు తుపాకిలో 22 అంగుళాల పొడుగున గాడి ఒక చుట్టు తిరిగేది. ఇటలీ నమూనా షార్ప్స్ తుపాకిలో 18 అంగుళాలకే ఒక చుట్టు. చుట్టు బిగువైనకొద్దీ పొడుగాటి, బరువైన గుండును నిలబెట్టగలదు. అందుచేత పాత 405 గ్రెయిన్ల గుండుకు బదులు 500 గ్రెయిన్లు దాటిన గుండు ఈ తుపాకికి నచ్చవచ్చును. గుండు మారితే మందు మారవలసినదే గదా.

నాలుగవది గాలి. ఇది చాలామంది మరచిపోయే విషయం. తుపాకిమందు కాలినప్పుడు సగానికి పైగా మసిగా, ఉప్పుగా మిగిలిపోతుంది. ఆ మసి తేమగా ఉంటే మెత్తగా ఉంటుంది, ఎండితే పెచ్చు కడుతుంది. యానాం గాలి వేరు, బళ్ళారి గాలి వేరు గదా. సముద్రపు ఒడ్డున బాగా కాల్చిన తుపాకి, అదే తూటాతో, ఎండిన మైదానంలో పదవ దెబ్బకే గురి తప్పవచ్చును. టెక్సాసులో పడమటి భాగం పొడినేల.

కాబట్టి పుస్తకంలోని కొలత అబద్ధం కాదు. అది ఆ తుపాకికి, ఆ గుల్లకు, ఆ మందుకు, ఆ గాలికి చెందిన నిజం. ఈ తుపాకికి చెందిన నిజాన్ని ఈ తుపాకినే అడగవలెను. ఏడాది పట్టినదంటే ఆశ్చర్యం లేదు.

రెండవ ప్రశ్న ప్రమాదం గురించినది. ఇక్కడ మేము గట్టిగా చెప్పవలసిన మాట ఉన్నది. పెద్దలు అందించిన విషయాలు రెండు రకాలు. కొన్ని పరీక్షించి చూసుకోవలసినవి, కొన్ని పరీక్షించకుండా పాటించవలసినవి. కొలత మొదటి రకం. ఇప్పుడు చెప్పబోయే రెండు నిషేధాలు రెండవ రకం. వీటిని 'చూద్దాం, ఏమవుతుందో' అని ప్రయోగం చేసినవారికి చేతివేళ్ళు, కళ్ళు దక్కకపోవచ్చును.

మొదటి నిషేధం: పాత మందుకు చెప్పిన కొలతలో పొగలేని మందును ఎన్నటికీ పోయరాదు. రెండూ మందే, రెండూ డబ్బాలోనే వస్తాయి. కాని పొగలేని మందులోని శక్తి చాల ఎక్కువ. గుల్ల నిండా పాత మందు పోస్తే తుపాకి తోస్తుంది. గుల్ల నిండా పొగలేని మందు పోస్తే తుపాకి పగులుతుంది. తుపాకి చేసినవారు వ్రాసి ఇచ్చిన హద్దు దాటి ఒక్క గ్రెయిను కూడ వేయరాదు. అందుకే బుద్ధిమంతులు బల్లమీద ఒక్క డబ్బా తప్ప రెండవ డబ్బా ఉంచరు. లేబుల్ ఊడిన డబ్బాలోని మందును 'ఏదో ఒకటి' అని వాడరు.

రెండవది విన్నవారికి వింతగా ఉంటుంది. ఏ పనిలోనైనా భయముంటే తక్కువ వేయడం మనకు అలవాటు. ఉప్పు తక్కువ, కారం తక్కువ, మందు తక్కువ. ఇక్కడ అది కూడదు. పాత మందుకూ గుండుకూ మధ్య ఖాళీ ఉండరాదు. గుల్లలో సగం మందు పోసి, పైన గుండు పెట్టి కాలిస్తే, ఆ ఖాళీ ఉన్న చోట ఒత్తిడి ఒక్కసారిగా గుద్దుకొని గొట్టం ఉంగరంలా ఉబ్బిపోవచ్చును. మందు తగ్గించదలచుకుంటే ఆ మేరకు అట్టబిళ్ళలతో చోటు పూడ్చవలసినదే. మందు మీద గుండు ఆనుకొని కూర్చోవలెను. 'తక్కువ అయితే క్షేమం' అన్న సామెత ఇక్కడ పనికిరాదు.

ఇవి తెలిసి, కంటికి అద్దాలు, చెవులకు మూతలు పెట్టుకొని, నిప్పుకు దూరంగా పనిచేసేవాడికి ఈ వేడుక సైకిలు తొక్కడమంత క్షేమమని మేము అనము. జాగ్రత్త గలవాడు చేయదగిన పనియే అని మాత్రం అంటాము. మనుమడు అన్నీ పుస్తకంలో వ్రాసుకుంటున్నాడన్న మాట మాకు ధైర్యమిచ్చిన మాట. వ్రాసుకొనేవాడు తొందరపడడు.

ఇక వెతుకులాట ఎలా సాగుతుందో చెబుతాము. ముందు గొట్టం కొలత తీయవలెను. మెత్తని సీసపు ముక్కను ఒక మూతినుండి మరొక మూతికి నెమ్మదిగా తోస్తే, లోపలి గాడుల అచ్చు దానిమీద పడుతుంది. దానిని కొలిస్తే గొట్టం అసలు మందం తెలుస్తుంది. పేరుకు 45 అయినా, నేటి గొట్టాలలో గాడుల అడుగు మందం 458 వేయవ వంతుల ప్రాంతంలో ఉంటుంది. గుండు దానికి సమంగానో, ఒక వేయవ వంతు ఎక్కువగానో ఉండవలెను. వదులైతే మంట పక్కలనుండి దూరి సీసాన్ని కరిగిస్తుంది.

గుండు సీసంలో కొద్దిగా తగరం కలుపుతారు. ఇరవై పాళ్ళ సీసానికి ఒక పాలు, లేదా ముప్పైకి ఒకటి. గుండు మరీ గట్టిగా ఉండరాదు. మందు వెనుకనుండి ఒక్క దెబ్బ కొట్టినప్పుడు మెత్తని గుండు కొంచెం ఉబ్బి గాడులను నిండుగా పట్టుకొంటుంది. పాత మందుకు ఉన్న ఈ సుగుణాన్ని ఆనాటివారు బాగా ఎరుగుదురు.

గుండు చుట్టూ గాడులు చేసి వాటిలో తేనెమైనం, కొవ్వు లేక నూనె కలిపిన ముద్ద నింపుతారు. ఆ జిడ్డు మసిని మెత్తగా ఉంచుతుంది. 1857లో మన సిపాయిలను మండించిన ఎన్‌ఫీల్డ్ తూటా జిడ్డు కూడ ఈ తరహా పనికే పుట్టింది. అది కాగితపు తూటా. మసి పేరుకొన్న గొట్టంలోనికి గుండు సులువుగా దిగడానికి జిడ్డు పూసేవారు. ఆవు కొవ్వు, పంది కొవ్వు అన్న మాట వచ్చి దేశం అంటుకొన్నది. ఆ రోజులలో ఢిల్లీ ప్రజలు సిపాయిలందరినీ 'తిలంగాలు' అని పిలిచేవారు. కంపెనీవారు మొదట దక్షిణాదిన తయారు చేసిన పటాలాలలో తెలుగువారు మెండుగా ఉండడం వల్ల వచ్చిన పేరు అది. మనిషి ఏ ఊరివాడైనా, తుపాకి పట్టి ఎర్రకోటు వేస్తే తిలంగా! మన జాతి పేరు ఇంత దూరం ఎలా పోయిందో చూడండి.

మందును గుల్లలోకి గరిటెతో ఒంపరు. రెండడుగుల పొడుగున్న సన్నని ఇత్తడి నాళంలోంచి నెమ్మదిగా జారవిడుస్తారు. అలా పడిన పలుకులు ఒకదానిలో ఒకటి ఒదిగి కూర్చుంటాయి. గిద్దెలో బియ్యం పోసి తట్టితే దిగినట్టన్నమాట. ఆ తరువాత అట్టబిళ్ళ వేసి, ప్రత్యేకమైన అచ్చుతో కొంచెం అదుముతారు. గుండుతోనే అదిమితే మెత్తని సీసం వంకరపోతుంది. ఎంత అదమవలెనన్నదే ఈ వెతుకులాటలో సగం. కొన్ని మందులకు కొద్దిగా తగిలితే చాలు, కొన్నింటికి అంగుళంలో నాలుగవ వంతు దాకా అదిమితేగాని శాంతించవు.

ఇన్ని విషయాలు మారుతుండగా ఏది మంచిదో తెలిసేది ఎలాగ? ఇక్కడే అసలు కీలకమున్నది. ఒక్కసారికి ఒక్కటే మార్చవలెను. ఈ ఆదివారం మందు ఒక గ్రెయిను పెంచితే, గుండు, జిడ్డు, బిళ్ళ, అదుము అన్నీ అలాగే ఉండవలెను. మందూ గుండూ రెండూ మార్చి, ఫలితం బాగుంటే ఏది కారణమో తెలియదు. బాగుండకపోతే ఏది దోషమో తెలియదు. వైద్యుడు ఒకేసారి నాలుగు మందులు మార్చితే రోగికి ఏది పట్టిందో తెలియనట్టే.

పరీక్ష కూడ ఒక పద్ధతిలో చేయవలెను. శుభ్రమైన గొట్టం నుండి వచ్చిన మొదటి దెబ్బ వేరుగా పోతుంది. కాబట్టి ఒకటి రెండు ఊరికే కాల్చి, ఆ తరువాతి వాటినే లెక్క పెడతారు. ప్రతి దెబ్బకూ మధ్య వెనుకనుండి ఒక చిన్న గొట్టం పెట్టి నోటితో నాలుగైదుసార్లు ఊదుతారు. మనిషి ఊపిరిలోని తడి మసిని మెత్తబరుస్తుంది. ఎండ దేశమైతే తడిగుడ్డతో తుడిచి, పొడిగుడ్డతో తుడుస్తారు. ఏది చేసినా ప్రతి దెబ్బకూ ఒకేలా చేయవలెను. రెండుసార్లు ఊది, ఒకసారి మరచిపోతే, తప్పు మందుది కాదు.

గురిపలకను చదవడం మరొక విద్య. నడిమధ్య ఒక్క రంధ్రం పడితే అది అదృష్టం. ఐదు గాని, పది గాని రంధ్రాలు ఎంత దగ్గరగా పడ్డాయన్నదే లెక్క. అవి నడిమికి జానెడు పక్కగా ఉన్నా చింత లేదు, గురిచట్రాన్ని జరుపుకొంటే సరిపోతుంది. రంధ్రాలు నిలువుగా సాగితే మందు ఒక్కొక్కసారి ఒక్కొక్క బలంతో తోస్తున్నదేమో చూడవలెను. రంధ్రం పొడుగుగా, తాళంచెవి కన్నంలా పడితే గుండు పల్టీ కొడుతున్నది, అంటే గాడి చుట్టుకు ఆ గుండు పొడుగెక్కువ. తుపాకి మూతి చుట్టూ జిడ్డు నక్షత్రంలా కనిపిస్తే జిడ్డు చివరిదాకా సరిపోయినదని అర్థం. మూతి దగ్గర పొడి మసి పెచ్చు కనిపిస్తే జిడ్డు నడిదారిలోనే అయిపోయింది.

100 గజాల దగ్గర కుదిరినది 500 మీటర్ల దగ్గర కుదరకపోవచ్చును. ఈ బరువైన గుండు నిదానంగా పోతుంది. 500 మీటర్లు చేరడానికి ఒకటిన్నర సెకనుకు పైగా పడుతుంది, దారిలో పది మీటర్లకు పైగా కిందికి దిగుతుంది. అందుకే ఆకాశంలోకి ఎత్తి కొట్టినట్టు కొట్టవలెను. గుండు వేగంలో స్వల్పమైన తేడా కూడ దగ్గరలో తెలియదు, అంత దూరాన జానెడు తేడాగా బయటపడుతుంది. దగ్గరి పరీక్ష దూరపు పరీక్షకు అర్హత మాత్రమే. ఒక రోజు బాగా పడినదాన్ని మరొక రోజు, మరొక ఎండలో మళ్ళీ కాల్చి చూసుకొన్నవాడే 'కుదిరింది' అనవలెను.

సాయంత్రం ఇంటికి వచ్చాక కూడ పని ఉన్నది. ఆ మసిలోని ఉప్పు గాలిలోని తేమను పీల్చి ఉక్కును తింటుంది. రాత్రికి రాత్రే తుప్పు మొదలవుతుంది. దానికి మందు నీళ్ళే! నీళ్ళతో కడిగి, తుడిచి, ఆరబెట్టి నూనె రాయాలి. ఇత్తడి గుల్లలు కూడ సబ్బునీళ్ళలో కడగవలసినదే. వేడుక తమది, కడుగుడు ఇతరులది అనుకొనే మగవారికి ఈ తుపాకి తగదు.

మన పాఠకులలో కుర్రవారికి ఒక హెచ్చరిక. ఇదంతా అక్కడి చట్టాల ప్రకారం అక్కడ జరిగేది. మన దేశంలో 1959 నాటి ఆయుధాల చట్టం ఉన్నది. తుపాకికీ, తూటాలకూ లైసెన్సు కావలెను. ఇంటిలో మందు కలపడం, తూటాలు నింపడం ఆటలు కావు. శివకాశిలో మందుతో పనిచేసే చేతులకు జరిగిన ప్రమాదాలు మనం పత్రికలలో చదువుతూనే ఉన్నాము. చదివి తెలుసుకోవడం వేరు, చేయిపెట్టడం వేరు.

ఈ వ్యవహారంలో మాకు అన్నిటికంటె నచ్చినది ఆ చిన్న నోటుపుస్తకం. తేదీ, ఎండ, గాలి, మందు ఏ విడతది, ఎన్ని గ్రెయిన్లు, ఎంత అదుము, ఏ గుండు, ఏ జిడ్డు, ఎన్నిసార్లు ఊదినది, రంధ్రాలు ఎంత వెడల్పున పడ్డవి. కుదరనివి కూడ వ్రాస్తారు. 1874లో వేయి గజాలు కొట్టినవారి కొలతలు నేడు మనకు అక్షరాలా పనికిరాకపోవచ్చును. కాని వారు కొలిచిన పద్ధతి పనికివస్తున్నది. పాత అంకె ఎక్కడ మొదలుపెట్టవలెనో చెబుతుంది, పాత నిషేధం ఎక్కడ ఆగవలెనో చెబుతుంది. ఆ రెండింటి నడుమ ఉన్న దారి మాత్రం ఎవరికి వారు నడవవలసినదే.

ఊళ్ళు మారి, తరాలు గడిచిన కుటుంబాలము మనము. మన ఇళ్ళలో ఎన్నో కొలతలు 'ఇంత' అని చేతితో చూపబడుతూ వచ్చాయి. ఆ చేయి వెళ్ళిపోయిన తరువాత 'ఇంత' అంటే ఎంతో చెప్పేవారు లేరు. మీ ఇంట అటక మీద పాత గిద్దె, సోల, తవ్వ, మానిక ఏదైనా ఉంటే దించి, శుభ్రం చేసి, అందులో మీ వంటింటి బియ్యం ఎన్ని గ్రాములు పడుతున్నవో తూచి, పాత్ర ఏ ఊరినుండి వచ్చినదో కూడ వ్రాసి మాకు పంపండి. వచ్చే నెల ఈ శీర్షికలో ఊరివారీగా ప్రకటిస్తాము. తూచేటప్పుడు ఒక్కసారితో సరిపెట్టక, ముమ్మారు తూచి చూడవలెనని మనవి.